63 బగ్ ఎగ్‌లు తెరిచా, ఒక్క తూనీగ రాలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నా?

హంటర్‌రోడ్_మామ
రోబ్లాక్స్‌లో గ్రో ఎ గార్డెన్ అని తోట పెంచే గేమ్ ఉంది కదా, అందులో బగ్ ఎగ్ అనే గుడ్డు తెరిస్తే ఏదో ఒక పురుగు పెట్‌గా వస్తుంది. వాటిలో డ్రాగన్‌ఫ్లై, అంటే తూనీగ కోసం నెలల తరబడి తిరుగుతున్నా. మా అక్క బిడ్డ ఆరో తరగతి. దసరా సెలవులకు వచ్చినప్పుడు "మామా, నాకు తూనీగ కావాలి" అంది. నేను గొప్పకు పోయి "సంక్రాంతి లోపల నీ తోటలో తూనీగ ఎగురుతది, చూడు" అన్నా. సంక్రాంతి వచ్చింది, పోయింది. ఇప్పుడు ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు నన్ను కాదు, తూనీగను అడుగుతోంది.

షాపులో బిల్ బుక్కు వెనక పేజీల్లో లెక్క రాసుకుంటున్నా. ఈ రోజుకు:
నత్తలు 27, పెద్ద చీమలు 18, గొంగళి పురుగులు 15, ప్రేయింగ్ మాంటిస్ 3, తూనీగ 0.

ఎగ్ షాపులో స్టాక్ మారేది అరగంటకోసారి. బగ్ ఎగ్ ఎప్పుడో గానీ కనబడదు. కనబడినప్పుడల్లా కొన్నా. రిపేరుకు వచ్చిన ఫోన్ ఒక చేతిలో, నా ఫోన్ ఇంకో చేతిలో. మొన్న ఒకాయన డిస్‌ప్లే బిగిస్తూ అరగంట అయింది కదా అని స్టాక్ చూద్దామని వంగా, స్క్రూ ఎక్కడ పడిందో ఇంతవరకు దొరకలేదు.

అసలు ఏదైనా కిటుకు ఉందా? నిజం చెప్పండి.

శనివారం_గుడ్డు
కిటుకు ఉంది అన్నా. పబ్లిక్ సర్వర్లో తెరవొద్దు. ప్రైవేట్ సర్వర్లోకి పో, గుడ్డు పెట్టు, బయటికి వచ్చెయ్, టైమ్ అయ్యాక మళ్లీ ఎక్కి వెంటనే తెరువు. శనివారం అయితే ఇంకా మంచిది. నాకు తూనీగ శనివారమే వచ్చింది.

అంతా_సోది
గుడ్డు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశావా లేదా?

శనివారం_గుడ్డు
నవ్వు నవ్వు. నా దగ్గర తూనీగ ఉంది, నీ దగ్గర ఉందా?

అంతా_సోది
నా దగ్గర కుక్క ఉంది. కామన్ ఎగ్‌లో వచ్చింది. గేమ్ పైసల్లో 50 వేల షెకెల్స్, పొదగడానికి పది నిమిషాలు. హాయిగా ఉన్నా.

ఓరుగల్లు_లెక్కలు
మామగారు లెక్క రాసిపెట్టారు కాబట్టి పని సులువైంది. బగ్ ఎగ్‌లో నత్త 40 శాతం, పెద్ద చీమ 30, గొంగళి 25, మాంటిస్ 4, తూనీగ 1. 63 గుడ్లకు లెక్క ప్రకారం నత్తలు 25, చీమలు 19, గొంగళి పురుగులు 16, మాంటిస్‌లు రెండున్నర దాకా రావాలి. మీకు వచ్చినవి 27, 18, 15, 3. ఇంత చక్కగా సరిపోయిన లెక్క నా క్లాసు పిల్లల రికార్డుల్లో కూడా చూడలేదు.

ఇక తూనీగ. ఒక గుడ్డులో అది రాకుండా పోయే అవకాశం 0.99. దాన్ని 63 సార్లు వేసి ఒకదాంతో ఒకటి గుణించండి. 0.53 వస్తుంది. అంటే మీలా 63 గుడ్లు తెరిచినవాళ్లు వందమంది ఉంటే అందులో 53 మంది నత్తలను చూసుకుంటూనే కూర్చుంటారు. మీది దురదృష్టం కూడా కాదు. మీరు మెజారిటీ.

హంటర్‌రోడ్_మామ
సార్, వందలో ఒకటి అంటే వంద గుడ్లకు ఒకటి గ్యారంటీ అనుకున్నా ఇన్నాళ్లు.

ఓరుగల్లు_లెక్కలు
అందరూ అనుకునేది అదే. వంద గుడ్లు తెరిచినా వందమందిలో 37 మందికి రాదు. 200 తెరిచినా 13 మందికి రాదు. 300 తెరిచినా ఇంకా అయిదుగురు మిగిలి ఉంటారు. వాళ్లే ఇలాంటి చోట్లకు వచ్చి తిడతారు. సగం మందికి వచ్చేది 69వ గుడ్డు దాటేసరికి.

హంటర్‌రోడ్_మామ
అంటే ఇంకో ఆరు గుడ్లు తెరిస్తే సగం అవకాశం వచ్చేసినట్టే కదా?

ఓరుగల్లు_లెక్కలు
కాదు. తెరిచేసిన 63 గుడ్లు అయిపోయాయి. వాటి సంగతి 64వ గుడ్డుకు తెలియదు. దానికి మళ్లీ ఒక శాతమే.

సెకండ్‌షిఫ్ట్_ఖని
సార్ నిజం చెప్పాడు, మనసు విరిచాడు.

నా పద్ధతి చెప్తా. బగ్ ఎగ్ పొదగడానికి 8 గంటలు. మా షిఫ్టు కూడా 8 గంటలు. బొగ్గు బావిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి మధ్యలో చూడాలన్న పీకులాట లేదు. మధ్యాహ్నం మూడింటికి ఎక్కేముందు పెట్టేస్తా, రాత్రి పదకొండుకు దిగి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చుని తెరుస్తా. గేమ్ మూసి ఉన్నా టైమర్ నడుస్తూనే ఉంటుంది. మా ఆవిడ కూడా పక్కన కూర్చుంటుంది. నత్త వస్తే "మీ సూపర్‌వైజర్ వచ్చాడు" అంటుంది.

నాకు 41వ గుడ్డులో తూనీగ వచ్చింది. ఆ రోజు బుధవారం. శనివారం_గుడ్డు తమ్ముడికి తెలియడానికి రాస్తున్నా.

శనివారం_గుడ్డు
ఒక్కో ఊరికి ఒక్కో వారం ఉంటుందేమో అన్నా.

పర్వతగిరి_మిర్చి
గుడ్డుకు 5 కోట్ల షెకెల్స్ కదా. 63 గుడ్లంటే 315 కోట్లు. మామ 315 కోట్లు పెట్టి 27 నత్తలు కొన్నాడు. ఆ పైసలు ఎనుమాముల మార్కెట్లో పెడితే సీజన్ మిర్చి మొత్తం ఆయనదే.

హంటర్‌రోడ్_మామ
కాకా, గాయం మీద కారం చల్లకు.

పర్వతగిరి_మిర్చి
మిర్చి రైతుని, ఇంకేం చల్లాలి?

బగ్ ఎగ్‌లు కావాలంటే మా చేనుకు రండి, ఉచితం. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు పూత పూతంతా దాని కిందే పోయింది. పువ్వు విప్పి తెల్ల కాగితం మీద దులిపితే నల్లగా చుక్కలు పాకేవి. దానికి శాతాలు గీతాలు లేవు, ప్రతి పువ్వులోనూ గ్యారంటీ. మా వాడు గేమ్‌లో పురుగు కోసం కోట్లు పోస్తుంటే నేను చేన్లో పురుగు పోవడానికి వేలు పోస్తున్నా.

కరీంనగర్_అత్తమ్మ
మూడు మాంటిస్‌లు అంటే మూడు గొల్లభామలు కదా. మొదట చదివినప్పుడు సిద్దిపేట చీరలేమో అనుకున్నా. వాటికీ భౌగోళిక గుర్తింపు ఉంది, మూడు వచ్చాయంటే అదృష్టవంతుడే అనుకున్నా.

అంతా_సోది
అత్తమ్మా, 4 శాతానికి గొల్లభామ చీర వచ్చే గుడ్డు ఉంటే మా ఇంట్లో కూడా ఆడతారు.

పాకాల_పిట్ట
అసలు సంగతి వదిలేసి అందరూ లెక్కల్లో పడ్డారు. తూనీగ రేర్ ఏంది అసలు? వానలు తగ్గి ఎండ కాసే రోజుల్లో, బతుకమ్మ ముందర, మైదానాల మీద గుంపులు గుంపులుగా పసుపు రంగు తూనీగలు తిరుగుతాయి. అందులో ఒక రకం మన దేశం నుంచి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుంది. వేలితో నలిపితే నలిగిపోయే పురుగు. దోమలను తింటుంది. అది ఇంటి ముందు ఎగురుతుంటే చూడం, ఫోన్‌లో ఎగరడానికి మూడు నెలలు.

హంటర్‌రోడ్_మామ
పిట్టన్నా, చిన్నప్పుడు తూనీగ తోకకు దారం కట్టిన పాపం నాది కూడా ఉంది. అదే ఇప్పుడు ఇలా తగులుతోందేమో.

కానీ బయట ఎగిరే తూనీగ పండును బంగారం చెయ్యదు. గేమ్‌లోది అయిదు నిమిషాలకోసారి తోటలో ఏదో ఒక పండును గోల్డ్ చేస్తుంది. గోల్డ్ అయితే ధర 20 రెట్లు. మా పిల్లకు కావాల్సింది అది.

సెకండ్‌షిఫ్ట్_ఖని
బంగారం కావాలంటే మేడారం తీసుకుపో. అక్కడ కిలోల లెక్కన దొరుకుతుంది, తినొచ్చు కూడా.

కరీంనగర్_అత్తమ్మ
మా మనవడికి మొదటిసారి మేడారంలో "బంగారం తూకం వేయించుకుందాం రా" అంటే నగల షాపనుకుని వచ్చాడు. బెల్లం చూసి మొహం మాడ్చుకున్నాడు.

రకూన్_పోయిన_పోరడు
మామ బాధ బాధే కాదు. నాది వినండి.

నైట్ ఎగ్‌లో రకూన్ రావడం 0.1 శాతం. నాకు 14వ గుడ్డులోనే వచ్చింది. ఆ రోజు హాస్టల్లో రూమ్ రూమంతా లేచి అరిచింది. వార్డెన్ వచ్చి ఎవరికి ఏమైందని అడిగితే "సార్, వెయ్యికి ఒకటి సార్" అని మావాడు ఒకడు సంబరంగా చెప్పాడు. ఫోన్ తీసుకుని వారం ఉంచుకున్నాడు.

ఫోన్ తిరిగొచ్చిన రోజు సర్వర్లో ఒకడు వెంట పడ్డాడు. "అన్నా, రకూన్ నాకు గిఫ్ట్ చెయ్, నా దగ్గర రెండు డిస్కో బీలు ఉన్నాయి, వెంటనే తిరిగి గిఫ్ట్ చేస్తా" అని. పెట్స్ మార్చుకునే ట్రేడింగ్ గేమ్‌లోకి ఇంకా రాని రోజులు. డిస్కో బీ అంటే అదీ 0.25 శాతం, రెండు అంటే ఎవరికైనా నోరూరుతుంది. పెట్‌ను చేతిలో పట్టుకుని వాడి దగ్గరికి పోయి ఇచ్చా. వాడు తీసుకున్నాడు. ఒక్క సెకను ఎదురుగా నిలబడ్డాడు. ఒక గెంతు గెంతాడు. పోయాడు.

ఆ గెంతు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

శనివారం_గుడ్డు
గెంతడం ఏంది తమ్ముడూ, అది మరీ అన్యాయం.

ఓరుగల్లు_లెక్కలు
0.1 శాతానికి 14వ గుడ్డులో రావడం అంటే, 14 గుడ్ల లోపల వచ్చే అవకాశం మొత్తం 1.4 శాతం. సగం అవకాశానికే 693 గుడ్లు కావాలి. నీకు వచ్చిన అదృష్టం పెద్దది, నువ్వు ఇచ్చిన ధర ఇంకా పెద్దది.

పర్వతగిరి_మిర్చి
ఆ రకూన్ పని ఏంది? పక్కోడి చేన్లో పడి పంట ఎత్తుకొస్తదట కదా. మా ఊర్లో అలాంటి పెట్స్ రెండు కాళ్ల మీద తిరుగుతాయి.

రకూన్_పోయిన_పోరడు
ఎత్తుకురాదు కాకా. పక్కోడి తోటలో ఒక పండుకు నకలు చేసి మనకు తెచ్చిస్తుంది, పదిహేను నిమిషాలకోసారి. వాడి పండు వాడికే ఉంటుంది. అందుకే బాగా పండించేవాడి సర్వర్లో కూర్చుంటే చాలు.

పర్వతగిరి_మిర్చి
నకలు చేసేది అయితే అది రకూన్ కాదు, విత్తనాల ఏజెంట్.

అంతా_సోది
ఇవాళ్టికి ఇది చాలు, నేను పడుకుంటా.

శనివారం_గుడ్డు
సార్, మీ లెక్క ఒప్పుకుంటా. కానీ వీడియోల్లో మొదటి గుడ్డులోనే తూనీగ వచ్చినవాళ్లు ఎంతమందో. వాళ్లందరూ ఏదో ఒకటి చేస్తున్నారనే కదా. ఒకడు గుడ్డు పక్కన గొంగళి పురుగులను వరసగా పెట్టి తెరిచాడు, వచ్చింది. నా కళ్లతో చూశా.

ఓరుగల్లు_లెక్కలు
2025 జూన్‌లో ఈ గేమ్‌ను ఒకే సమయంలో రెండు కోట్ల మందికి పైగా ఆడారు. వాళ్లందరూ తలా ఒక్క బగ్ ఎగ్ తెరిచారనుకోండి. రెండు లక్షల మందికి మొదటి గుడ్డులోనే తూనీగ వస్తుంది. ఆ రెండు లక్షల్లో ఒక వెయ్యి మంది వీడియో పెట్టినా మీరు జీవితమంతా చూస్తూ కూర్చోవచ్చు. గుడ్డు తెరిచేటప్పుడు ఒకడి పక్కన గొంగళి పురుగులు ఉన్నాయి, ఒకడు శనివారం తెరిచాడు, ఒకడు తుమ్మాడు. మిగతా కోటీ తొంభై ఎనిమిది లక్షల మంది నత్త వీడియో పెట్టరు. పెట్టినా మీరు చూడరు.

శనివారం_గుడ్డు
నా శనివారాన్ని చంపేశారు సార్.

సెకండ్‌షిఫ్ట్_ఖని
నిజంగా పనిచేసేవి కొన్ని ఉన్నాయి, వాటిని ఎవరూ చెప్పడం లేదు. కోడి, పుంజు తోటలో ఉంటే గుడ్లు త్వరగా పొదుగుతాయి. కోడి అన్‌కామన్ ఎగ్‌లో, పుంజు రేర్ ఎగ్‌లో వస్తాయి. అవి తూనీగ శాతాన్ని పెంచవు, 8 గంటలను తగ్గిస్తాయి, అంతే. కోయ్ చేప ఉంటే గుడ్డు తెరిచినప్పుడు ఒక్కోసారి గుడ్డు తిరిగి వస్తుంది. సీల్ ఉంటే పెట్‌ను అమ్మినప్పుడు ఒక్కోసారి గుడ్డు వస్తుంది. మామ 27 నత్తలను ఏం చేశాడు?

హంటర్‌రోడ్_మామ
కొన్ని అమ్మేశా. కొన్నింటికి మా పిల్ల పేర్లు పెట్టింది, అమ్మనివ్వదు. ఒకదాని పేరు పల్లవి. ఎందుకని అడిగితే మా క్లాసులో లేటుగా వచ్చే అమ్మాయి అంది.

సెకండ్‌షిఫ్ట్_ఖని
అమ్మినప్పుడు సీల్ ఉండి ఉంటే రెండు మూడు గుడ్లు వెనక్కి వచ్చేవి. పోనీ. ఇక నుంచి పెట్టుకో.

రకూన్_పోయిన_పోరడు
గుడ్డులో ఏముందో తెరవకముందే చూపించే స్క్రిప్టులు ఉన్నాయట కదా? మా రూమ్‌మేట్ ఒక లింకు పంపాడు.

అంతా_సోది
ఒకసారి రకూన్ పోయింది, ఈసారి అకౌంట్ పోగొట్టుకుంటావా? అలాంటివి పెట్టుకుంటే బ్యాన్ అవుతావు. అదీ నిజమైన స్క్రిప్టు అయితే. చాలా లింకులు నీ లాగిన్ లాగేసుకోవడానికే. "పెట్‌ను డబుల్ చేస్తాం", "ఉచితంగా రోబక్స్ (రోబ్లాక్స్ పైసలు) ఇస్తాం" అని వచ్చేవన్నీ అదే బాపతు. లింకు నొక్కకు, నీ రూమ్‌మేట్ పాస్‌వర్డ్ కూడా మార్పించు.

హంటర్‌రోడ్_మామ
పడుకున్నావు కదా?

అంతా_సోది
ఇలాంటివి చదివితే నిద్ర పడుతుందా.

కాజీపేట_నాన్న
మీరందరూ గేమ్‌లో పైసలతో ఆడుతున్నారు, సంతోషం. మా వాడు వేరే ఒక గేమ్‌లో, పేరు చెప్పను, నిజం పైసలతో గుడ్లు కొన్నాడు. నా ఫోన్‌లో కార్డు సేవ్ అయి ఉంది. ఒకసారి 89, ఒకసారి 449, ఒకసారి 899, ఇలా చాలాసార్లు. రైలు డ్యూటీలో ఉండి మెసేజ్‌లు చూసుకోలేదు. ఇంటికొచ్చి కూడితే మూడు వేలు దాటింది. వాణ్ని కొట్టలేదు. కొట్టాలనిపించింది. వాడు చెప్పింది ఒకటే: "బాపూ, ప్రతిసారీ ఇదే చివరిది అనుకున్నా." నలభై రెండేళ్ల నాకు ఆ మాట తెలుసు. లాటరీ టికెట్లు కొనే మా బాబాయి అనేవాడు.

ఇది జూదం కాదా? ఆన్‌లైన్ గేమ్‌ల మీద చట్టం వచ్చిందన్నారు కదా, ఇది దాని కిందికి రాదా?

ఓరుగల్లు_లెక్కలు
2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అది నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలుస్తామని ఆడే ఆటలను. ఇక్కడ డబ్బు పోతుంది, తిరిగి డబ్బుగా రాదు. పురుగు వస్తుంది. కాబట్టి అది వేరే ఖాతా.

కాజీపేట_నాన్న
డబ్బు తిరిగి వచ్చే ఆశ కూడా లేకుండా పోతే అది ఇంకా పెద్ద నష్టం కదా సార్? జూదంలో కనీసం గెలిచేవాడు ఒకడుంటాడు.

ఓరుగల్లు_లెక్కలు
నా దగ్గర సమాధానం లేదు. బెల్జియం 2018లో డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెలను జూదం కిందే లెక్కేసింది. కొన్నిచోట్ల శాతాలు బయటపెడితే చాలన్నారు. శాతాలు చూసి ఆగిపోయే పిల్లాణ్ని నేనింతవరకు చూడలేదు. నా క్లాసులో 0.1 అంటే సున్నా కాదు కదా సార్ అంటారు. నిజమే, సున్నా కాదు.

పర్వతగిరి_మిర్చి
జూదం అని పిల్లలను అనే ముందు మనల్ని చూసుకోవాలి. విత్తనం కొనేటప్పుడు నేను కూడా గుడ్డే తెరుస్తున్నా. ప్యాకెట్ మీద బొమ్మ బంగారంలా ఉంటుంది. లోపల ఏముందో పూత దాకా తెలియదు. దానిమీద కనీసం తూనీగ ఒక శాతం అని రాసి ఉండదు.

కాజీపేట_నాన్న
అది బతుకు కాకా, ఇది ఆట. రెంటినీ ఒకటి చేయకు. నీది తప్పదు కాబట్టి చేస్తున్నావు.

పర్వతగిరి_మిర్చి
అదీ నిజమే. ఊరికే అన్నా.

కరీంనగర్_అత్తమ్మ
కాజీపేట తమ్ముడూ, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి పో. కొనే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగాలి అని పెట్టుకోవచ్చు. కార్డు కూడా తీసెయ్. మా ఇంట్లో నేనే చేశా. పాస్‌వర్డ్ మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయన మీద కూడా నమ్మకం లేదు, రమ్మీ చూస్తాడు.

కాజీపేట_నాన్న
కార్డు తీసేశా. పాస్‌వర్డ్ పెట్టా. మా వాడు పక్కనే ఉండి ఎక్కడ నొక్కాలో చూపించాడు. అది చూసి కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో చెప్పలేను.

సెకండ్‌షిఫ్ట్_ఖని
మామా, గుడ్లు మానెయ్. ట్రేడ్ చెయ్. తూనీగ ఇప్పుడు ఒకప్పటి ధరలో లేదు. బగ్ ఎగ్ కొత్తగా వచ్చిన రోజుల్లో అది రాజు. తర్వాత కొత్త కొత్త పెట్స్ దిగాయి, జనం వాటి వెనక పడ్డారు. నీ దగ్గర మూడు మాంటిస్‌లు ఉన్నాయి, ఇంకేమున్నాయి?

హంటర్‌రోడ్_మామ
ఒక రెడ్ ఫాక్స్ ఉంది. మిథికల్ ఎగ్‌లో వచ్చింది. దాన్నెవరూ పట్టించుకోరు కదా అని మూలకు పెట్టా.

ఓరుగల్లు_లెక్కలు
మిథికల్ ఎగ్‌లో ఎర్ర నక్క 1.79 శాతం. మామగారు రెండు శాతం కన్నా తక్కువ దాన్ని మూలకు పెట్టి ఒక శాతం కోసం ఏడుస్తున్నారు.

సెకండ్‌షిఫ్ట్_ఖని
నక్కను తొక్కినవాడి దగ్గర నక్క ఉండగా తూనీగ రాదేంది? నక్క, రెండు మాంటిస్‌లు పెట్టి అడిగి చూడు. మూడోది ఉంచుకో. తోటలో పండ్లు గోల్డ్, రెయిన్‌బో అయ్యే అవకాశం పెంచుతుంది, తూనీగతో కలిసి పనికొస్తుంది.

రకూన్_పోయిన_పోరడు
మామా, ట్రేడింగ్ టికెట్‌తో విండో తెరిచే చెయ్. నీది, వాడిది రెండూ విండోలో కనబడాలి. చివరి సెకనులో వాడు పెట్ మార్చాడేమో పేరు, వయసు, బరువు అన్నీ చదివి నొక్కు. "నువ్వు ముందు గిఫ్ట్ చెయ్" అంటే బ్లాక్ చెయ్. గెంతేవాణ్ని అసలు నమ్మకు.

హంటర్‌రోడ్_మామ
మా షాపు ఓనర్ కొడుకు దగ్గర తూనీగ ఉందట. ఇంజినీరింగ్ సెకండ్ ఇయర్. ఇన్నాళ్లు పక్క కౌంటర్లో కూర్చుంటే ఒక్కసారీ అడగలేదు నేను. ఆదివారం మా పిల్ల వస్తుంది, అందరి ముందు చేస్తా.

అంతా_సోది
63 గుడ్లు, 315 కోట్లు, మూడు నెలలు. తూనీగ పక్క కౌంటర్లో.

కరీంనగర్_అత్తమ్మ
సంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

పాకాల_పిట్ట
ఆదివారం పొద్దున పిల్లను భద్రకాళి చెరువు కట్ట మీదకు తీసుకురా. అసలు తూనీగ చూపిస్తా. ఉచితం, ట్రేడింగ్ టికెట్ కూడా అక్కర్లేదు.

హంటర్‌రోడ్_మామ
అయింది.

షాపులో కౌంటర్ మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టాం. మా పిల్ల స్టూలెక్కి నిలబడింది. ఓనర్ కొడుకు నక్క, రెండు మాంటిస్‌లు అడిగాడు, దాంతోపాటు తన ఫోన్‌కు టెంపర్డ్ గ్లాసు ఉచితంగా వెయ్యాలన్నాడు. గ్లాసు వాళ్ల నాన్నదే, వెయ్యడానికి నాకేం? పోరడు చెప్పినట్టు పేరు, వయసు, బరువు మూడుసార్లు చదివా. మా పిల్ల నాలుగోసారి చదివింది. నొక్కాం.

తూనీగ వచ్చింది. తోట మీద తిరగడం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు, ఒక కస్టమర్ చార్జర్ అడిగినా ఆగమన్నాం. ఆయన కూడా నిలబడి చూశాడు. తోటలో మామిడి ఉంది, డ్రాగన్ ఫ్రూట్ ఉంది, కాక్టస్ ఉంది. తూనీగ పోయి పోయి క్యారెట్‌ను బంగారం చేసింది. 10 షెకెల్స్ విత్తనంది.

పర్వతగిరి_మిర్చి
315 కోట్ల క్యారెట్.

సెకండ్‌షిఫ్ట్_ఖని
అమ్మారా?

హంటర్‌రోడ్_మామ
అమ్మనివ్వదు. ఫేవరెట్ నొక్కి దాచుకుంది. దానికీ పేరు పెట్టింది, చెప్పనంది.

పాకాల_పిట్ట
కట్ట మీదకు రాలేదు.

హంటర్‌రోడ్_మామ
వచ్చాం అన్నా, సాయంత్రం. నువ్వు లేవు. తూనీగలు కూడా లేవు, దోమలు మాత్రం మస్తు ఉన్నాయి. వచ్చే ఆదివారం పొద్దున్నే తెస్తా.

శనివారం_గుడ్డు
మామా, మరి ఇంకా పొదిగే గుడ్డు ఏదైనా మిగిలి ఉందా? నిన్న శనివారం కదా.

హంటర్‌రోడ్_మామ
ఒకటి ఉండె. నిన్న రాత్రి పన్నెండు కాకముందే, సార్‌కు తెలియకుండా, ప్రైవేట్ సర్వర్లో తెరిచా.

నత్త. 28.